ప్రభుత్వం ప్రకటించిన ఊరట మీ ఇంటి లెక్కల్లోకి రావాలంటే ఏం చేయాలి?

బియ్యం, గ్యాస్, కరెంటు, బస్సు ప్రయాణం, మందులు, ఆసుపత్రి. సామాన్య కుటుంబానికి నెలనెలా డబ్బు కరిగిపోయే ఈ దారులన్నింటికీ ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పుడు ఏదో ఒక పథకం ఉంది. అయినా అర్హత ఉండీ అందని ఇళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. అడిగితే "మాకు రాలేదండీ" అంటారు. ఎందుకు రాలేదో వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. ఆరా తీస్తే కారణం చాలా చిన్నదై ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రేషన్ కార్డులో ఒక్క అక్షరమే ఉంటుంది. గ్యాస్ కనెక్షన్ ఎప్పుడో కాలం చేసిన మామగారి పేరునే ఉంటుంది. మీటరు ఒకటే, కాపురాలు మూడు.

ఆ చిన్న చిక్కులను ఏ వరుసలో విప్పుకోవాలో ఇక్కడ చెబుతున్నాను. వరుస ముఖ్యం. బ్యాంకు ఖాతా సరిచేయకుండా గ్యాస్ ఏజెన్సీకి వెళితే అక్కడి నుంచి మళ్లీ బ్యాంకుకే పంపుతారు. ఇందులోని ధరలు, నిబంధనలు 2025 నాటివి.

ముందుగా ఒక కాగితం తీసుకోండి

ఇంట్లోని ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, తాజా కరెంటు బిల్లు, బ్యాంకు పాసుపుస్తకాలు ఒకచోట పెట్టుకోండి. తెల్ల కాగితం మీద ఇంట్లో ఒక్కొక్కరి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. పక్కన అదే మనిషి పేరు రేషన్ కార్డులో ఎలా ఉందో, పాసుపుస్తకంలో ఎలా ఉందో రాయండి. అక్షరం తేడా ఉన్నచోట గుండ్రంగా చుట్టండి. కింద గ్యాస్ వినియోగదారు సంఖ్య, అది ఎవరి పేరున ఉందో, కరెంటు సర్వీసు నంబరు, ఆధార్‌కు ఏ ఫోను నంబరు ఇచ్చారో రాయండి.

చుట్టిన గుండ్రాలే మీరు చేయాల్సిన పనుల పట్టిక. ముందు ఆధార్‌ను సరిచేయించండి, తర్వాతే మిగతావి. మిగతా కార్యాలయాలన్నీ ఆధార్‌నే చూసి పేరు ఎక్కిస్తాయి. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు వాడుకలో లేకపోతే అదే సమయంలో మార్పించండి. ఓటీపీ రాకపోతే ఆన్‌లైన్‌లో ఏ పనీ ముందుకు సాగదు. పిల్లలకు 5 ఏళ్లు నిండినప్పుడు ఒకసారి, 15 నిండినప్పుడు ఒకసారి వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. దీన్ని మరిచిపోయిన ఇళ్లలో బడికి సంబంధించిన సాయం దగ్గర ఇబ్బంది వస్తుంది.

డబ్బు ఏ ఖాతాలో పడుతుందో తేల్చుకోండి

అన్నింటికంటే ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే. "బ్యాంకులో ఆధార్ ఇచ్చాం కదా, ఇంకేం లింకు?" అని అడుగుతారు. ఇచ్చింది కేవైసీ కోసం, అంటే ఖాతాదారు మీరేనని గుర్తించడానికి. ప్రభుత్వ సాయం పడటానికి అది చాలదు. నగదు బదిలీ పథకాల డబ్బు ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గరున్న పట్టికను చూసి వెళుతుంది. ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు ఉంటుంది, అదీ ఆఖరున అనుసంధానం చేసిన బ్యాంకు. మీకు మూడు ఖాతాలు ఉండి, ఎప్పుడో ఉపాధి హామీ కూలి కోసం తెరిచిన ఖాతాయే ఆ పట్టికలో ఉంటే, గ్యాస్ రాయితీ కూడా అక్కడికే పోతుంది. రెండేళ్లకు పైగా లావాదేవీ లేక ఆ ఖాతా నిద్రావస్థలో ఉంటే డబ్బు తిరిగి వెళ్లిపోవచ్చు.

తెలుసుకునే మార్గం సులువే. ఆధార్ అధికారిక వెబ్‌సైటులోకి మీ ఆధార్ నంబరు, ఓటీపీతో వెళ్లి బ్యాంకు సీడింగ్ (ఆధార్‌తో ఖాతా అనుసంధానం) స్థితి చూడండి. బ్యాంకు పేరు, అనుసంధానం పనిచేస్తోందో లేదో కనిపిస్తుంది. అది మీకు కావలసిన బ్యాంకు కాకపోతే, కావలసిన బ్యాంకు శాఖకు వెళ్లి "ప్రభుత్వ నగదు బదిలీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయాలి" అని ఈ మాటల్లోనే అడగండి. ఉత్తగా "ఆధార్ లింకు" అంటే కౌంటరు దగ్గర కేవైసీ ఫారమే చేతిలో పెడతారు. కొద్ది రోజులు ఆగి అదే వెబ్‌సైటులో మళ్లీ చూసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం కింద బడికి వెళ్లే ఒక్కో బిడ్డకు 15,000 రూపాయలు ప్రకటించి, అందులో 2,000 బడి నిర్వహణకు ఉంచి 13,000 తల్లి ఖాతాలో వేశారు. ఆ డబ్బు రాని తల్లులు ముందుగా చూసుకోవాల్సింది ఈ అనుసంధానమే. బడిలో ఇచ్చిన ఖాతా నంబరు ఏదైనా కావచ్చు, డబ్బు వెళ్లేది ఆధార్ చూపిన దారిలోనే.

బియ్యం దగ్గర

జాతీయ ఆహార భద్రత చట్టం 2013 నుంచి ఉంది. దాని ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోలు, నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డు ఉన్న కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం. 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు పొడిగించారు. తెలంగాణ మనిషికి 6 కిలోలు ఇస్తోంది, 2025 ఏప్రిల్ నుంచి సన్నబియ్యం. దొడ్డు బియ్యం వండుకోలేక కిలో పదికో పన్నెండుకో అమ్మేసి, బజారులో సన్నబియ్యం కొనుక్కున్న కుటుంబాలకు ఇది నిజమైన ఊరట. నలుగురున్న ఇంటికి 24 కిలోలు వస్తే బియ్యం ఖర్చులో పెద్ద భాగం తీరిపోతుంది.

మీరు చేయాల్సిన పనులు రెండు. ఒకటి, కార్డులోని ప్రతి సభ్యుడి ఈకేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు సరిచూపించుకోవడం. రేషన్ దుకాణంలోని యంత్రం మీద వేలిముద్ర వేస్తే చాలు, డబ్బు కట్టనక్కర్లేదు. కూలిపని చేసే చేతుల మీద, వృద్ధుల చేతుల మీద ముద్రలు అరిగిపోయి యంత్రం పట్టదు. అలాంటప్పుడు కనుపాప ద్వారా చేయమని డీలరును అడగండి. "వేలిముద్ర పడలేదు, మీకు బియ్యం లేవు" అన్న మాటతో వెనక్కి రావద్దు. రెండు, పెళ్లయి వచ్చిన కోడలి పేరు, పుట్టిన పిల్లల పేర్లు ఎక్కించడం. కోడలి పేరు పుట్టింటి కార్డులో తీయించకుండా ఇక్కడ చేర్చరు. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు ఇవ్వాలి. రసీదు మీది సంఖ్యను ఇందాకటి కాగితం మీద రాసుకోండి.

కొత్త కార్డుకు అర్హతలు రెండు రాష్ట్రాల్లో వేరు. తెలంగాణలో ఏడాది ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు దాటకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు పల్లెలో 10,000, పట్టణంలో 12,000 పరిమితి. దానితోపాటు నెలకు సగటున 300 యూనిట్లకు మించి కరెంటు వాడకూడదు, సొంత కారు ఉండకూడదు. ఈ 300 యూనిట్ల నిబంధన వల్ల కొందరికి అన్యాయం జరుగుతోంది. మీ ఆధార్‌కు వేరేవారి మీటరు పొరపాటున ముడిపడి ఉంటే ఆ యూనిట్లన్నీ మీ ఖాతాలోనే లెక్కవుతాయి. రెండు గదుల రేకుల ఇంట్లో ఉంటూ "కరెంటు ఎక్కువ వాడారు" అనే కారణంతో తిరస్కరణ వస్తే, మీ ఆధార్‌పై ఏయే సర్వీసు నంబర్లు ఉన్నాయో సచివాలయంలో చూపించమనండి. మీది కాని నంబరు ఉంటే విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇచ్చి తొలగింపజేయండి.

పని కోసం వేరే ఊరు వెళ్లినవారు కార్డు మార్చుకోనక్కర్లేదు. ఒకే దేశం ఒకే రేషన్ ఏర్పాటు కింద దేశంలో ఏ రేషన్ దుకాణంలోనైనా ఆధార్ వేలిముద్రతో కేంద్రం ఇచ్చే కోటా తీసుకోవచ్చు. సూరత్ మగ్గాల దగ్గర, ముంబయి కట్టడాల దగ్గర పనిచేసే మనవాళ్లకు ఇది తెలియాలి. రాష్ట్రం అదనంగా ఇచ్చేది మాత్రం సొంత రాష్ట్రంలోనే దొరుకుతుంది. కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందది అయితేనే ఈ సదుపాయం వర్తిస్తుంది. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు అయితే బయట చెల్లదు. ఇంట్లో కొందరు ఊళ్లో, కొందరు వలసలో ఉంటే ఎవరి వాటా వారు వేర్వేరు చోట్ల తీసుకునే వీలు కూడా ఉంది.

గ్యాస్ బండ దగ్గర

తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద బండ 500 రూపాయలకే. కానీ బండ తెచ్చిన మనిషికి మొత్తం ధర కట్టాలి, తేడా తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. 2025 ఏప్రిల్‌లో 50 రూపాయలు పెరిగాక హైదరాబాద్‌లో 14.2 కిలోల బండ ధర 905 అయింది. ఏడాదికి ఎన్ని బండలకు ఈ రాయితీ ఇవ్వాలో అంతకు ముందు మూడేళ్ల మీ వాడకం సగటును చూసి నిర్ణయిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో దీపం 2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితం. అక్కడా ముందు కట్టాలి, బండ అందాక డబ్బు తిరిగి వస్తుంది. మొత్తం ధర ముందే కట్టమనే ఈ పద్ధతి సరైనది కాదని నా అభిప్రాయం. తొమ్మిది వందలు చేతిలో లేకే కట్టెల పొయ్యి వెలిగించే ఇంటికి, డబ్బు తర్వాత వస్తుందన్న మాట ఈరోజు వంట చేసిపెట్టదు. పద్ధతి మారేవరకు మీరు చేయగలిగింది ఒకటుంది. పొదుపు సంఘంలో ఉంటే బండ కోసం చిన్న మొత్తం తీసుకుని, డబ్బు తిరిగి పడగానే కట్టేయండి.

దీపం 2లో తేదీలు గుర్తుంచుకోవాలి. ఏప్రిల్ నుంచి జూలై వరకు ఒకటి, ఆగస్టు నుంచి నవంబరు వరకు ఒకటి, డిసెంబరు నుంచి మార్చి వరకు ఒకటి. ఆ నాలుగు నెలల్లో బుక్ చేయకపోతే దాన్ని వదులుకున్నట్లే. గడువు ఆఖరి వారం దాకా ఆగవద్దు.

కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఇప్పుడు చూడండి. రేషన్ కార్డులో లేని మనిషి పేరున ఉంటే రాయితీ ఆగుతుంది. కనెక్షన్‌దారు చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం, మీ ఆధార్, చిరునామా రుజువు తీసుకుని ఏజెన్సీకి వెళ్లి పేరు మార్పించుకోండి. రాయితీ మాట ఎలా ఉన్నా ఈ పని చేయాల్సిందే. గ్యాస్ కనెక్షన్‌కు ప్రమాద బీమా ఉంటుంది, చనిపోయిన మనిషి పేరున కనెక్షన్ ఉంటే ఆ పరిహారం అడిగేటప్పుడు చిక్కులొస్తాయి. ఈకేవైసీ కూడా పూర్తిచేయాలి. బండ తెచ్చే మనిషి దగ్గర, ఏజెన్సీలో, లేదా కంపెనీ యాప్‌లో ముఖం చూపించి చేసుకోవచ్చు. దీనికి రుసుము లేదు.

బండ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు రెండు విషయాలు చూడండి. బిల్లులో ఉన్న ధరలోనే ఇంటికి చేర్చే చార్జీ కలిసి ఉంటుంది. "పై అంతస్తు కాబట్టి ఇంకో యాభై" అంటే ఇవ్వాల్సిన పని లేదు. తూకం వేయమని అడిగే హక్కు మీకుంది. బండ మీద ఖాళీ బరువు రాసి ఉంటుంది, దానికి 14.2 కలిపితే రావాల్సిన బరువు. ఖాళీ బరువు 15.3 కిలోలైతే ముల్లు 29.5 దగ్గర ఆగాలి.

కరెంటు బిల్లు దగ్గర

ఇక్కడ కాసేపు ఆగి లెక్క చూద్దాం. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు. 200 దాటితే ఆ దాటిన యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. వాడకం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకే ఒక్కోదానికి 5 రూపాయల 10 పైసలు పడుతుంది, ఆపైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు. అంటే 200 యూనిట్లు వాడిన ఇంటికి సున్నా. 201 వాడిన ఇంటికి యూనిట్ల చార్జీయే 1,027 రూపాయల 70 పైసలు, దాని మీద మిగతా చార్జీలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైమాటే.

కాబట్టి నెలలో ఒకసారి మీటరు మీరే చూసుకోండి. పాత బిల్లులో ఆఖరి రీడింగ్, దాని తేదీ ఉంటాయి. ఇరవై రోజులకు మీటరు చూసి ఎన్ని యూనిట్లు అయ్యాయో లెక్క తీయండి. 140 దాటి ఉంటే మిగిలిన పది రోజులు చేయి బిగించాలి. ఏది ఎంత తింటుందో తెలిస్తే బిగించడం కష్టం కాదు. 1,000 వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అదే పనికి 11 యూనిట్లు కూడా తినదు. అలాంటివి మూడు మారిస్తే నెలకు దాదాపు 48 యూనిట్లు తగ్గుతాయి. 230 దగ్గర తచ్చాడే ఇల్లు అదొక్క మార్పుతో 200 లోపలికి వస్తుంది, ఫ్యాన్ల ఖర్చు కొద్ది నెలల్లో తిరిగి వస్తుంది. గీజరు 2,000 వాట్లు, రోజూ అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు.

రీడింగ్ ఆలస్యంగా తీస్తే ముప్పై రోజుల్లో 190 దగ్గర ఉన్న ఇల్లు ముప్పై అయిదో రోజుకు 200 దాటేస్తుంది. బిల్లు మీద రెండు రీడింగ్ తేదీలు చూడండి. మధ్యలో నెల కంటే ఎక్కువ రోజులుంటే మీటరు ఫోటో తీసుకుని సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, 1912కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. అక్కడ తేలకపోతే పంపిణీ సంస్థకు వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడ మీ కేసు మీరే చెప్పుకోవచ్చు, వకీలు అక్కర్లేదు.

అద్దెకున్నవారూ గృహజ్యోతికి అర్హులే, చాలామంది ఇంటి యజమానులకే అనుకుంటారు. మీ రేషన్ కార్డును మీరున్న పోర్షన్ మీటరు నంబరుతో కలపాలి. ఇల్లు మారినప్పుడు కొత్త నంబరుతో మార్పించుకోవాలి. పల్లెలో మండల పరిషత్ కార్యాలయంలో, పట్టణంలో మున్సిపల్ కార్యాలయంలో ప్రజాపాలన సేవా కేంద్రాన్ని అడగండి. మూడు పోర్షన్లకు ఒకే మీటరున్న ఇళ్లలో వాడకం కలిపి 200 దాటితే ఎవరికీ ఉచితం దక్కదు, పైగా ఎక్కువ శ్లాబులో పడి అందరికీ బరువవుతుంది. యజమానితో కూర్చుని విడి మీటరుకు ఒప్పించండి. వాటా ఖర్చు మీరు పెట్టుకున్నా కొద్ది నెలల్లో తిరిగి వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు. అక్కడ ఏ శ్లాబు యూనిట్లకు ఆ శ్లాబు రేటే. మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75. కాబట్టి ఒక్క యూనిట్ దాటితే వెయ్యి పోదు. కానీ 225 పైన ఉన్న ప్రతి యూనిట్ ఖరీదైనదే, 250 వాడే ఇల్లు 25 యూనిట్లు తగ్గిస్తే దాదాపు 219 రూపాయలు మిగులుతాయి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం ఉంది. మీ సర్వీసు నంబరు ఆ జాబితాలో ఉందో లేదో సెక్షన్ ఆఫీసులో చూపించమనండి.

సొంత డాబా ఉన్నవారు ఇంటిపైన సోలార్ పలకలు పెట్టుకునే పీఎం సూర్యఘర్ పథకం చూడండి. ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయల రాయితీ. కిలోవాటు నెలకు సుమారు 100 నుంచి 120 యూనిట్లు ఇస్తుంది. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లోనే చేయాలి, గుర్తింపు ఉన్న విక్రేతల జాబితా అక్కడే ఉంటుంది. తెలంగాణలో నెలకు 200 లోపు వాడే ఇంటికి ఎలాగూ బిల్లు సున్నా కాబట్టి తొందరపడనక్కర్లేదు. 300, 400 వాడే ఇంటికి మాత్రం బాగా గిట్టుబాటు.

బస్సు, కూరగాయలు, భోజనం

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు ప్రయాణం ఉచితం. సొంత రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు అసలుది చేతిలో ఉంచుకోండి. సున్నా టికెట్ అడిగి మరీ తీసుకోండి. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది, టికెట్ లేని ప్రయాణం ఆ లెక్కలో చేరదు.

రైతుబజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి. ప్రతి ఉదయం ఆనాటి ధరల బోర్డు పెడతారు. బోర్డు చూసి, ఆ ధరకే కొనండి. కందిపప్పు, ఉల్లి, టమాటా మండిపోయిన రోజుల్లో ప్రభుత్వం తక్కువ ధర కౌంటర్లు పెట్టేది ముందుగా ఇక్కడే. ఇంటికి దూరంగా పని చేసేవారికి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అన్న క్యాంటీన్లు, హైదరాబాద్‌లో ఇందిరమ్మ క్యాంటీన్లు ఉన్నాయి. రెండుచోట్లా భోజనం 5 రూపాయలు, కార్డు చూపనక్కర్లేదు.

మందులు, ఆసుపత్రి

బీపీ, షుగరు మందులు ఒకసారి మొదలైతే ఆగే ఖర్చు కాదు. ప్రభుత్వ చౌక మందుల దుకాణమైన జనఔషధి కేంద్రంలో అదే మందు బ్రాండు ధరలో సగానికి, చాలా వాటికి అంతకంటే తక్కువకు దొరుకుతుంది. చీటీలో బ్రాండు పేరే ఉంటే దుకాణంలో అదే పేరుతో దొరకదు. అందుకని డాక్టరు గారిని మందు అసలు పేరు, మోతాదు పెద్దక్షరాలతో రాయమని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు. మందు మార్చేటప్పుడు మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించి వాడండి. ఆడపిల్లలకు కావలసిన సువిధ శానిటరీ ప్యాడ్లు ఇక్కడ ఒక్కోటి రూపాయి.

ఆసుపత్రిలో చేరాల్సి వస్తే డబ్బు కట్టే కౌంటరు కంటే ముందు, ఉచిత వైద్య పథకం తరఫున ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గరికి వెళ్లండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. జాబితాలో ఉన్న ఆసుపత్రి, జాబితాలో ఉన్న చికిత్స అయితే మీ దగ్గర అడ్వాన్సు తీసుకోకూడదు. ఎవరైనా అడిగితే రసీదు ఇవ్వమనండి, 104కు ఫోను చేయండి. ఇంట్లో 70 ఏళ్లు నిండినవారు ఉంటే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం. రేషన్ కార్డు లేని మధ్యతరగతి ఇళ్లకు ఇదొక్కటే దిక్కు, అయినా ఆ ఇళ్లలోనే దీన్ని చేయించుకోనివారు ఎక్కువ. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ ఓటీపీతో చేయవచ్చు. జబ్బు చేశాక కాదు, ఈ వారంలోనే చేయించండి.

ఆంధ్రప్రదేశ్‌లో పింఛను తీసుకునే వృద్ధులు పిల్లల దగ్గరికి వేరే ఊరు వెళితే భయపడనక్కర్లేదు. వరుసగా రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తారు. ఆ మూడో నెల ఒకటో తేదీకి మాత్రం ఊళ్లో ఉండాలి.

బిల్లుల్లో పన్ను తగ్గిందో లేదో

2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. నోటు పుస్తకాలు, పెన్సిళ్ల మీద పన్ను లేదు. పాత ధర పాకెట్టు అంటగడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. పెద్ద మొత్తం మిగిలేది బీమాలో. సొంతంగా తీసుకున్న జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం పన్ను పూర్తిగా పోయింది. 20,000 ప్రీమియం మీద 3,600 మిగలాలి. రెన్యువల్ నోటీసులో ఆ వరుస సున్నాగా ఉందో లేదో చూడండి. కంపెనీ ఉద్యోగులకు ఇచ్చే గ్రూపు బీమాకు ఇది వర్తించదు.

ఆగిపోతే ఎలా అడగాలి

నోటిమాటగా అడిగినదానికి లెక్క ఉండదు. ప్రతి అర్జీ రాసి ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఆంధ్రప్రదేశ్‌లో 1100కు ఫోను చేయవచ్చు, ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర నంబరు 95523 00009లో దరఖాస్తు స్థితి చూడవచ్చు. రేషన్, గ్యాస్ రాయితీల మీద ఫిర్యాదుకు 1967. అర్హత ఉన్నా బియ్యం ఇవ్వకపోతే ఆహార భద్రత చట్టం 8వ సెక్షన్ ప్రకారం భత్యం అడిగే హక్కుంది, అర్జీలో ఆ సెక్షన్ రాయండి.

ఈ దారుల్లో ఎవరికీ ఓటీపీ చెప్పాల్సిన అవసరం రాదు. "మీ సబ్సిడీ వచ్చింది, ఈ ఫైలు నొక్కండి" అని వాట్సాప్‌లో వచ్చేది ఏదైనా మోసమే. పొరపాటున నొక్కి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

అర్జీకి జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. "నాకు ఎందుకు ఇవ్వలేదు?" అని రాయకండి. ఎందుకు అన్న ప్రశ్నకు జవాబివ్వాల్సిన బాధ్యత మాది కాదని తప్పించుకుంటారు. రికార్డులో ఉన్నదాన్ని అడగాలి, ఇలా:

"పౌర సమాచార అధికారి గారికి, సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఫలానా తేదీన, ఫలానా సంఖ్యతో నేను ఇచ్చిన రేషన్ కార్డు దరఖాస్తుపై ఈరోజు వరకు తీసుకున్న చర్యల వివరాలు తేదీలవారీగా ఇవ్వగలరు. ప్రస్తుతం ఆ దరఖాస్తు ఏ అధికారి వద్ద ఉందో వారి పేరు, హోదా తెలుపగలరు. తిరస్కరించి ఉంటే ఆ ఉత్తర్వు నకలు, దానికి ఆధారమైన విచారణ నివేదిక నకలు ఇవ్వగలరు."

కింద మీ చిరునామా, సంతకం, తేదీ. నేరుగా ఇస్తే ముద్ర వేయించుకోండి, పోస్టులో పంపితే రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చిన జవాబు అసంపూర్తిగా ఉన్నా, మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు రాయండి. దానికి రుసుము లేదు.